మంద కాపలాకు పెద్ద కుక్క: తెచ్చుకునే ముందు ఒకసారి చదవండి



పైన వీడియోలో గొర్రెల మధ్య పడుకుని ఉన్న గోధుమరంగు కుక్క పేరు భీమ. వీడియో పెట్టినప్పటి నుంచి చాలామంది ఒకటే అడుగుతున్నారు: "అన్నా, అది ఏ జాతి? ఎక్కడ దొరుకుతది? ఎంత?" ఒక్క లైనులో చెప్పొచ్చు. కానీ నేనూ మొదట అదే ప్రశ్న అడిగి, ఫోన్‌లోనే అడ్వాన్స్ కొట్టి, తర్వాత రెండేళ్లు దాని ఫలితం అనుభవించాను. ఒక గొర్రెపిల్ల ప్రాణం కూడా పోయింది. ఆ కథంతా చెప్తాను, ఆ తర్వాత జాతి సంగతి మీరే నిర్ణయించుకోండి.

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లకు గొర్రెలు, మేకలు ఎందుకు అనేది కొత్తగా చెప్పనక్కర్లేదు. పొలంలో మంద పెట్టించుకోవడం మన తాతల నాటి పద్ధతి. ఎండాకాలం గొల్ల కురుమలు మందను తోలుకొస్తే, రాత్రికి ఇంత అని ధాన్యమో పైసలో ఇచ్చి మళ్లల్లో పడుకోబెట్టించేవారు. పెంట, మూత్రం నేరుగా నేలలోకి పోతాయి, మోసే కూలి ఉండదు. నాకు కీసర దాటాక నాలుగెకరాలు ఉంది. బయటి మంద కోసం ఎదురుచూడకుండా సొంతంగా 30 గొర్రెలు తెచ్చుకుని, ఇనుప జాలీ తడకలతో దొడ్డి కట్టి, నాలుగు రోజులకు ఒకసారి దొడ్డిని జరుపుతూ పోయాను. కూరగాయల మడుల్లో తేడా ఒక్క ఏడాదికే కనిపించింది.

ఆ తర్వాత ఒక చలికాలం రాత్రి వీధికుక్కలు పడ్డాయి. ఆరేడు ఉంటాయని కాపలా ఉన్న తాత చెప్పాడు. తడక కింద మట్టి తవ్వి లోపలికి దూరాయి. తెల్లారేసరికి తొమ్మిది గొర్రెలు చచ్చిపడి ఉన్నాయి, ఇంకో నాలుగు తొడలు చీలిపోయి ఉన్నాయి. తిన్నది మాత్రం ఏమీ లేదు. నక్క అయితే ఒక పిల్లను ఎత్తుకుపోతుంది, తోడేలు అయితే తినడానికి చంపుతుంది. వీధికుక్కలు గుంపుగా చేరితే ఉరికే ప్రతిదాన్నీ కరుస్తాయి. రోడ్డు పక్కన కోడి వ్యర్థాలు పారబోసే ప్రతి ఊరి బయటా ఇప్పుడు ఇదే పరిస్థితి. 2019 పశుగణనలో దేశంలోనే ఎక్కువ గొర్రెలు మన తెలంగాణలోనే తేలాయి, సుమారు కోటీ 90 లక్షలు. అన్ని గొర్రెలున్న చోట కాపలా గురించి మనం మాట్లాడుకునేది మాత్రం చాలా తక్కువ.

మంద కాపలా కుక్క అంటే ఏంటి

ఇక్కడ చాలామంది పొరపడతారు. సినిమాల్లో గొర్రెలను అటూ ఇటూ తోలే నలుపు తెలుపు కుక్కను చూసి అదే కాపలా కుక్క అనుకుంటారు. అది బోర్డర్ కోలీ, తోలే కుక్క. దానిది వేటాడే బుద్ధే, చివర్లో చంపడం ఒక్కటి లేకుండా తయారు చేశారు. కాపలా కుక్క దీనికి పూర్తిగా తిరుగు. అది గొర్రెలను తోలదు, తరమదు. వాటి మధ్యనే పడుకుంటుంది, వాటితోనే నడుస్తుంది, తన కుటుంబం అనుకుంటుంది. కొత్తది ఏదైనా వస్తే మందకూ దానికీ మధ్య నిలబడి మొరుగుతుంది. నూటికి తొంభై సార్లు పని మొరుగుడుతోనే అయిపోతుంది. చుట్టూ మూత్రంతో గుర్తులు పెట్టి, ఇది నా జాగా అని చెప్పడం కూడా కాపలాలో భాగమే.

అమెరికాలో రేమండ్ కాపింజర్ అనే ఆయన 1970లలో ఈ కుక్కల మీద చాలా ఏళ్లు పని చేశారు. ఆయన చెప్పిన మూడు గుణాలు నాకు ఇప్పటికీ కొలబద్ద. జీవాలను కరవకూడదు. ధ్యాస జీవాల మీదే ఉండాలి. ఆపద వస్తే అడ్డం నిలబడాలి. వరుస కూడా ఇదే. మనం కొనేటప్పుడు మూడోది మాత్రమే చూస్తాం: ఎంత ఎత్తు, ఎంత బరువు, ఎంత కోపం. అసలు తప్పు అక్కడే మొదలవుతుంది.

బయటి దేశాల్లో రెండు ఉదాహరణలు చూడండి. నమీబియాలో చీతాలు మేకలను పట్టుకుపోతున్నాయని రైతులు వాటిని కాల్చేసేవారు. అక్కడి చీతా సంరక్షణ సంస్థ 1994 నుంచి టర్కీ జాతి కాపలా కుక్కల పిల్లలను రైతులకు ఇస్తోంది. మేకలు మిగిలాయి, రైతు తుపాకీ తీసే అవసరమూ తగ్గింది. రెండోది ఆస్ట్రేలియాలోని వార్నంబూల్ దగ్గర మిడిల్ ఐలాండ్. అక్కడ చిన్న పెంగ్విన్లను నక్కలు తినేస్తుంటే 2005 నాటికి పదిలోపే మిగిలాయి. ఒక కోళ్ల రైతు తన దగ్గరున్న మరెమ్మా కుక్కలతో కాపలా పెడదామన్నాడు. 2006లో పెట్టారు, పెంగ్విన్లు మళ్లీ పెరిగాయి. గొర్రెలు కాచే కుక్క పక్షుల్ని కూడా కాస్తుందని, చిన్నప్పటి నుంచి దేనితో పెరిగితే దాన్నే తనది అనుకుంటుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

మన దేశంలో ఏమున్నాయి

అసలైన మంద కాపలా జాతి మన దేశంలో హిమాలయాల్లో ఉంది. హిమాచల్‌లో గద్ది గొర్రెల కాపరులు పెంచే గద్ది కుక్క అది. మెడ బలం, దట్టమైన జూలు. చిరుత మెడ పట్టకుండా దానికి ముళ్ల ఇనుప పట్టీ కడతారు. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ 2025 జనవరిలో దీన్ని దేశీ జాతిగా నమోదు చేసింది. అంతకుముందు నమోదైన కుక్క జాతులు మూడే: రాజపాళయం, చిప్పిపారై, ముధోల్. కశ్మీర్ వైపు బకర్వాల్ కుక్క కూడా ఇలాంటిదే. మంచి కుక్కలే, కానీ మంచు కోసం పుట్టిన జూలు. మే నెలలో 43 డిగ్రీల ఎండలో మన రేకుల షెడ్డు కింద దాన్ని కట్టేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

రాజపాళయం గురించి ఒక మాట. తమిళనాడు విరుదునగర్ జిల్లాలో ఉన్న ఆ ఊరికి విజయనగర కాలంలో వెళ్లి స్థిరపడ్డ రాజుల ఇళ్లల్లో ఇప్పటికీ తెలుగే మాట్లాడుతారు. ఆ తెల్ల కుక్క ఒకరకంగా మనవాళ్లు పెంచిందే. 2005 జనవరిలో తపాలా శాఖ నాలుగు భారతీయ కుక్కల మీద స్టాంపులు వేస్తే అందులో ఇదీ ఉంది. ఎండకు తట్టుకుంటుంది, ఇంటికీ తోటకూ గట్టి కాపలా. కానీ అది వేట, కాపలా కుక్క. పుట్టుకతో మందలో ఉండే బుద్ధి దానికి లేదు, నేర్పాలి. పిల్లను కొనేటప్పుడు వెనక నుంచి చప్పట్లు కొట్టి చూడండి, ఈ జాతిలో కొన్ని పిల్లలు పుట్టు చెవుడుతో పుడతాయి. ముధోల్, చిప్పిపారై ఉరికి పట్టే కుక్కలు. ఉరికే గొర్రెపిల్లను చూస్తే వాటి రక్తం ఊరుకోదు. మందకు నేనైతే తీసుకోను.

మరి మన దగ్గర కాపరులు ఇన్ని తరాలు ఏం వాడారు? ఊరి కుక్కనే. దక్కని గొర్రెలతో వలస తిరిగే కురుమల వెంట రెండో మూడో కుక్కలు ఎప్పుడూ ఉంటాయి. మల్లన్న పటంలో గుర్రం దగ్గర కుక్క ఊరికే ఉండదు. ఆ కుక్క 18, 20 కిలోలు తూగుతుంది, అంబలి గట్క తిని బతుకుతుంది, ఎండకు చెట్టు నీడ చాలు. దానికి పత్రం లేదు, రేటు లేదు, అందుకే మనకు కళ్లకు ఆనదు.

నేను చేసిన తప్పు

నాకూ ఆనలేదు. తొమ్మిది గొర్రెలు పోయిన కోపంలో ఉన్నాను. "కంగాల్ క్రాస్, పెరిగితే 60 కిలోలు, తోడేలునే చీలుస్తది" అన్న అమ్మకందారు మాట నమ్మాను. కంగాల్ అంటే టర్కీలో సివాస్ ప్రాంతపు మంద కుక్క, అందులో అబద్ధం లేదు. 45 రోజుల పిల్లను తెచ్చాను. తల్లిని చూపించమంటే ఫోటో చూపించాడు. తల్లి మందలో పెరిగిందా, గేటు వెనక పెరిగిందా అని కూడా నేను అడగలేదు.

అసలు తప్పు ఆ తర్వాతది. పిల్ల చిన్నది, పొలంలో ఎట్లా ఉంటదని నేరేడ్‌మెట్‌లో మా ఇంట్లోనే ఉంచాం. మా వైపు రిటైర్డ్ మిలిటరీ కుటుంబాలు ఎక్కువ, పెద్ద కుక్కల్ని పెంచే అలవాటూ ఎక్కువ, సలహాలకు కొదవ లేదు. 120 గజాల ఇల్లు, నున్నటి టైల్స్, పిల్లలతో బాల్ ఆట, ఏసీ గదిలో నిద్ర. ఐదు నెలలకు 28 కిలోలైంది. రాత్రి మొరుగుడుకి పక్కింటివాళ్లు రెండుసార్లు తలుపు కొట్టారు. వాళ్లను తప్పుపట్టలేం. రాత్రంతా మొరగడమే దాని ఉద్యోగం, మనం దాన్ని గల్లీలో పెట్టుకున్నాం. అప్పుడు తీసుకెళ్లి పొలంలో వదిలాం.

వారం రోజులు గేటు దగ్గరే కూర్చుని ఏడ్చింది. నా బండి చప్పుడు వింటే తప్ప లేవలేదు. గొర్రెల్ని చూస్తే భయం, కోళ్లను చూస్తే ఆట. తాత ఒకటే మాట అన్నాడు: "బిడ్డా, ఇంట్ల పిల్లగాండ్లతోని పెంచితివి, ఇప్పుడు మందల పండుమంటే పంటదా? దానికి నువ్వే మంద."

ఆ మాటలో శాస్త్రం మొత్తం ఉంది. కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పదహారో వారం వరకు ఒక కిటికీ తెరిచి ఉంటుంది. ఆ టైంలో ఎవరితో పడుకుంటే, ఎవరి వాసన పీలిస్తే వాళ్లే తన జాతి అని మెదడులో పడిపోతుంది. నేను ఆ కిటికీ మొత్తం టైల్స్ మీద ఖర్చు చేశాను.

పది నెలల వయసులో, ఒక మధ్యాహ్నం తాత సద్ది తింటున్న అరగంటలో, భీమ ఇరవై రోజుల గొర్రెపిల్లను తరిమి తరిమి కింద పడేసింది. పళ్ల గాటు పెద్దగా లేదు. 40 కిలోల కుక్క ముందుకాళ్లతో ఆడితే పిల్ల ఊపిరి ఆగిపోయింది. తర్వాత భీమ దాన్ని మూతితో కదుపుతూ లేవమన్నట్టు చూసిందట. తెలియనివాళ్లు ఆ రోజే "రక్తం మరిగింది, ఇక పనికిరాదు" అని కుక్కను వదిలించుకుంటారు. నేనూ అమ్మేద్దామనే అనుకున్నాను. అది ఎనిమిది నెలల నుంచి ఏడాదిన్నర దాకా నడిచే కుర్రతనం అని తర్వాత తెలిసింది. మంచి కాపలా జాతుల్లో కూడా ఇది వస్తుంది. ఆ వయసులో పిల్లలున్న తల్లిగొర్రెల మధ్య కుక్కను ఒంటరిగా వదలడం మన తప్పు, దానిది కాదు.

దారికి తెచ్చిన పద్ధతి

వీడియోలో నాలుగో నిమిషం దగ్గర చూపించిన చిన్న గది ఇదే. దొడ్డి లోపలే ఒక మూలకు జాలీతో పది అడుగుల గూడు కట్టాం. రాత్రంతా భీమ అందులో. గొర్రెలు కనిపిస్తాయి, వాసన వస్తుంది, అందవు. పగలు పొడవాటి తాడుతో తాత వెంట మందలో నడక. గొర్రె మీదికి ఉరికితే తాడు బిగించి "వద్దు" అని ఒక్క మాట. కొట్టలేదు. గొర్రెల దగ్గర దెబ్బలు తింటే గొర్రెలంటేనే పగ పడుతుంది. ప్రశాంతంగా పడుకుంటే అక్కడే తిండి పెట్టేవాళ్లం.

అన్నిటికంటే పని చేసింది మా ముసలి పొట్టేలు. రెండు నెలల తర్వాత పెద్ద గొర్రెలు, పొట్టేళ్లు మాత్రమే ఉన్న గుంపులోకి భీమను వదిలాం. ఆటకు పోయిన మొదటి రోజే పొట్టేలు డొక్కలో పొడిచింది. రెండో రోజు కూడా. మూడో రోజు నుంచి భీమ తల దించి, పక్కచూపు చూస్తూ నడవడం మొదలుపెట్టింది. గొర్రెల దగ్గర కుక్క నేరుగా కళ్లలోకి చూడకుండా, తోక కిందికి వేసి నెమ్మదిగా నడిస్తే అది కుదురుకుంటున్న గుర్తు. ఇదంతా ఎనిమిది నెలలు పట్టింది.

మీరు 45 రోజుల పిల్లను తెస్తే ఇంత గోస ఉండదు. మొదటి రోజే దొడ్డి పక్క గూట్లోకి వెళ్లాలి. ఇద్దరు ముగ్గురు సాధు గొర్రెలను తోడు ఉంచండి. మనుషులకు అలవాటు చేయాలి, కానీ మనుషులతో పెంచకూడదు. రోజుకు రెండుసార్లు ఒళ్లంతా తడిమి, నోరు తెరిచి, కాళ్లు ఎత్తి చూడటం నేర్పండి, లేకపోతే రేపు 50 కిలోల కుక్కకు సూది వేయడానికి నలుగురు పట్టినా కుదరదు. వచ్చినవాళ్లందరితో బంతాట మాత్రం వద్దు.

ఇంకొకటి, గొలుసు. పగలంతా గొలుసుకు కట్టేసిన పెద్ద కుక్క కాపలా కుక్క కాదు, కరిచే కుక్క అవుతుంది. చుట్టూ కంచె లేని పొలంలో పెద్ద జాతి కుక్కను తేవద్దు. తన సరిహద్దు తానే పెంచుకుంటూ పోయి పక్క పొలం కూలీల మీద పడుతుంది.

తిండి, ఎండ

పెద్ద జాతి పిల్ల త్వరగా లావు కావాలని చూడకండి. ఎముక గట్టిపడకముందే బరువు పెరిగితే తుంటి కీళ్లు పోతాయి. కాల్షియం సీసాలు మీద మీద తాగించడం కూడా హానే, పెద్ద జాతి పిల్లల్లో ఎక్కువ కాల్షియం ఎముకల్ని వంకర చేస్తుంది. వేళ్లతో నొక్కితే పక్కటెముకలు తెలియాలి, అది సరైన ఒళ్లు. భీమకు ఇప్పుడు రోజుకు రెండుసార్లు జొన్న గట్క లేదా నూకల అన్నంలో ఉడికించిన కోడి మాంసం, కాళ్లు, రెండు గుడ్లు, కొంచెం గుమ్మడి. ఉడికించిన ఎముక పెట్టను, అది చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం. ఒకేసారి తట్టెడు పెట్టి వెంటనే ఉరికించకండి. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కల్లో కడుపు ఉబ్బి మెలితిరుగుతుంది. కక్కబోతూ ఏమీ రాక, పొట్ట డప్పులా అయితే అది గంటల్లో ప్రాణం తీసే స్థితి. తెల్లారాక చూద్దాం అనుకోకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ఎండ సంగతి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి ఒగర్చడమే దానికి ముఖ్యమైన దారి. మార్చి నుంచి భీమ డ్యూటీ రాత్రికే. పగలు బోరు పక్కన వేప చెట్టు కింద తడి ఇసుక గుంట దాని జాగా. జూలు గుండు చేయించవద్దు, ఆ జూలే ఎండ చర్మానికి తగలకుండా ఆపుతుంది. లోపలి మెత్తటి వెంట్రుకను దువ్వి తీసేస్తే చాలు. ఒగర్పు ఆగక, చొల్లు చిక్కబడి, తూలితే వడదెబ్బ. మామూలు నీళ్లు పొట్ట, తొడలు, పాదాల మీద పోస్తూ గాలి తగిలేలా చేసి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఐసు నీళ్లలో ముంచకండి.

పురుగుల సంగతి: దీన్ని వదిలేయకండి

మిగతా అంతా మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి. గొర్రెల కోసం తెచ్చిన కుక్కే గొర్రెలకు రోగం తేవచ్చు.

గొర్రె ఒకవైపే గుండ్రంగా తిరగడం, తల పక్కకు వాల్చడం, మంద వదిలి గోడకు తల ఆనించి నిలబడటం మీలో చాలామంది చూసే ఉంటారు. అది గిడ్ వ్యాధి. గొర్రె మెదడులో నీటి బుడగ పెరుగుతుంది. ఆ బుడగ ఒక బద్దెపురుగు పిల్లరూపం. పెద్ద పురుగు ఉండేది కుక్క పేగుల్లో. చచ్చిన గొర్రె తలను, కోసిన మేక తలకాయ మిగులును పచ్చిగా కుక్కకు వేస్తాం. మెదడులోని బుడగ కుక్క కడుపులో పురుగై గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు మలంతో గడ్డి మీద పడతాయి, గొర్రె మేస్తుంది, కథ మళ్లీ మొదలు. ఇలాంటిదే ఇంకోటి హైడాటిడ్. గొర్రె కాలేయం, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు. ఆ పచ్చి కాలేయం తిన్న కుక్క నుంచి గుడ్లు మన చేతులకు, ఆకుకూరలకు అంటితే మనిషి కాలేయంలోనూ అవే తిత్తులు పెరుగుతాయి. పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

కాబట్టి చచ్చిన జీవాన్ని కుక్కకు వేయకండి. కుక్కలు తవ్వలేనంత లోతుగా, సున్నం వేసి పూడ్చండి. తల, పేగులు, కాలేయం ఎప్పుడూ పచ్చిగా వద్దు. పిల్లకు రెండో వారం నుంచి మూడు నెలల దాకా పదిహేను రోజులకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి నట్టల మందు పడాలి. గొర్రెలకు తాగించే ఆల్బెండజోల్ మిగిలింది కదా అని అదే పట్టేస్తే ఈ బద్దెపురుగులకు సరిపోదు. ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్ర కావాలి. లెక్క కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు, అయినా బరువు తూచి డాక్టరునే అడగండి. మందు పురుగును చంపుతుంది కానీ గుడ్లను చంపదు. అందుకని మందు వేసిన తర్వాత మూడు నాలుగు రోజుల మలం ఎత్తి లోతుగా పూడ్చాలి.

ఇక మన ప్రకృతి వ్యవసాయం వాళ్లకు ప్రత్యేకంగా. కుక్క మలం ఘనజీవామృతంలో, కంపోస్టులో కలవకూడదు. పేడ కుప్ప మీద పడుకునే కుక్క అక్కడే మలం వేస్తుంది, కాబట్టి పేడ పోగు చుట్టూ కంచె కట్టండి. ఆకుకూరల మడులకు కూడా అంతే. ఆవు ఈనినప్పుడు మావిని కుక్క తినకుండా చూడండి. నియోస్పోరా అనే సూక్ష్మజీవి అలా కుక్కకు చేరి, మలంతో కలుషితమైన మేత ద్వారా మళ్లీ ఆవులకు వస్తే చూడి పోతుంది. దేశీ ఆవు ఒక్క ఈత పోతే ఎంత నష్టమో మీకు తెలుసు.

పిడుదులు, టీకాలు

పిడుదులకు వేపనూనె గురించి అడుగుతారు. నేనూ వాడతాను, నీళ్లలో పలచగా కలిపి, దొడ్డి గోడల సందుల్లో, పడక మీద. కొంత దూరంగా ఉంచుతుంది. కానీ పిడుదు జ్వరం వచ్చాక వేపనూనె ఏమీ చేయదు. తిండి మానేసి, చిగుళ్లు తెల్లబడి, ముక్కు నుంచి రక్తం వస్తే రక్త పరీక్ష చేయించి మందు వాడాల్సిందే. మన సిద్ధాంతం మన పంటకు, కుక్క ప్రాణానికి కాదు. ఇంకో వైపు, బర్రెలకు పూసే పిడుదుల మందు, గొర్రెలకు వేసే ఐవర్‌మెక్టిన్ సూది కుక్కకు లెక్క లేకుండా వేయడం కూడా అంతే ప్రమాదం. కోలీ వంటి కొన్ని జాతులకు, వాటి క్రాసులకు ఐవర్‌మెక్టిన్ ప్రాణాంతకం.

టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి బూస్టర్లు వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా, తర్వాత ఏటేటా తప్పకుండా. కాపలా కుక్క పిచ్చికుక్కతో కూడా ఎదురుపడి పోట్లాడుతుంది, అది దాని పని. దాన్ని చూసుకునే కాపరికి కూడా ముందస్తు టీకా వేయిస్తే మంచిది. ఎవరికైనా కాటు పడితే 15 నిమిషాలు పారే నీటి కింద సబ్బుతో కడిగి అదే రోజు ఆసుపత్రికి. పెద్ద సమస్యలకు నేను రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్తాను.

ఎలుకల మందు, పందుల కోసం పెట్టే విషపు ముద్దలు కాపలా కుక్కల్ని చంపే మరో దారి. పక్క పొలాల వాళ్లతో ముందే మాట్లాడి పెట్టుకోండి. నేను కొత్త పంట వేసినప్పుడల్లా వెళ్లి అడుగుతాను, కొద్దిగా మొహమాటంగానే ఉంటుంది.

చట్టం ఏమంటుంది

2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 రకాల కుక్కలకు లైసెన్సులు ఇవ్వొద్దని, అమ్మకాలు ఆపాలని రాష్ట్రాలకు రాసింది. పిట్‌బుల్‌తో పాటు కంగాల్, అక్బాష్, కాకేసియన్, సెంట్రల్ ఏషియన్ షెపర్డ్ లాంటి మంద కుక్కలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఉత్తర్వు సంగతి ఎట్లా ఉన్నా, మీ కుక్క ఎవరినైనా కరిస్తే బాధ్యత మీదే. జంతువు విషయంలో నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద జైలు కూడా ఉంది. గేటుకు బోర్డు, రెండు తలుపుల గేటు, కరెంటు మీటరు చూసేవాళ్లు కుక్క ఉన్న వైపు రాకుండా దారి, ఇవి కుక్క కంటే ముందే ఉండాలి.

ఇక మొదటి ప్రశ్నకు వస్తాను. వీధికుక్కలు, నక్కలే మీ సమస్య అయితే పెద్ద జాతి అక్కర్లేదు. రెండడుగుల లోతు జాలీ పాతిన దొడ్డి, రాత్రి సోలార్ లైటు, మందలోనే పుట్టి పెరిగిన మూడు ఊరి కుక్కలు చాలు. మెదక్, కామారెడ్డి అడవి అంచుల్లో చిరుత తిరిగే చోట ఏ కుక్కనూ నమ్ముకోవద్దు. చిరుతకు కుక్కే మంచి మేత. అక్కడ పైకప్పు ఉన్న దొడ్డే కాపలా. మధ్యలో, పెద్ద మంద, పక్కా కంచె, రోజూ దాంతో ఉండే మనిషి ఉన్నవాళ్లకు మాత్రమే పెద్ద కుక్క. అది కూడా జత.

మా దగ్గర జత కుదిరింది అనుకోకుండానే. భీమ కుదురుకోకముందు తాత తన బంధువుల మంద నుంచి ఒక నల్ల ఊరపిల్లను గొంగడిలో చుట్టి తెచ్చాడు. పేరు పెట్టలేదు, నల్లది అంటాం. నా ఖర్చు సున్నా. మందలో పుట్టింది, మందలోనే పడుకుంది, ఎవరూ ఏమీ నేర్పలేదు. పోయిన చలికాలం మళ్లీ వీధికుక్కలు వచ్చిన రాత్రి ముందు లేచింది నల్లదే. అది మొరిగిన తర్వాతే భీమ లేచి కంచె దాకా వెళ్లి నిలబడింది. పోట్లాట జరగలేదు. గొంతు దానిది, ఒళ్లు వీడిది. కుక్కలు కాసేపు అటూ ఇటూ తిరిగి రోడ్డు వైపు పోయాయి. తెల్లారి లెక్క పెట్టుకుంటే 34 గొర్రెలు, 34 ఉన్నాయి.

ఈనే కాలంలో భీమను ఇప్పటికీ గూట్లోనే పెడతాం. కొత్త పిల్లల దగ్గర నల్లదే ఉంటుంది. నల్లదానికి ఈ నెలలో ఆపరేషన్ చేయించాలని ఉండె, కానీ ఆలస్యమై ఈసారి చూడి అయింది. దసరా తర్వాత పిల్లలు వస్తాయి. అమ్మకానికి లేవు. దొడ్డి పక్కన గూడు కట్టి ఫోటో పంపినవాళ్లకు, రేబిస్ టీకా వేయిస్తామన్నవాళ్లకు ఇస్తాను. గూడు కొలతలు వీడియోలో ఏడో నిమిషం దగ్గర ఉన్నాయి.